పరుగు మానిన గుర్రానికి దాణా ఎవరు పెడుతున్నారు? విరాళం ఇచ్చినవాడు లెక్క అడగకూడదా?

భీమిలి_బాటసారి
పోయిన కార్తీకంలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఒక గుర్రం ఫోటో వచ్చింది. పందేల్లో పరిగెత్తిన గుర్రమట. ముంగాలి కీలు దెబ్బతిన్నాక చేతులు మారి, మారి, చివరికి మన విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లలను ఎక్కించుకుని తిరిగే పనికి వచ్చిందట. నగర శివార్లలో జంతువులను సాకే ఒక సంస్థ వారు దానిని కొని తమ దగ్గర ఉంచుకున్నారని, సాయం చేయమని ఆ సందేశంలో ఉంది. నేను 5,000 రూపాయలు పంపించాను. రెండు వారాలు తిరగకుండానే అదే ఫోటో, అదే గుర్రం, 'రేపటికి గడ్డి లేదు' అనే మాటతో మళ్ళీ వచ్చింది. ఫోన్ చేసి, నెలకు ఎంత ఖర్చవుతుంది, ఇంకెవరు ఇస్తున్నారు, ఈ గుర్రం మీద బహుమతులు గెలుచుకున్న యజమాని ఏమైనా ఇస్తున్నాడా అని మర్యాదగానే అడిగాను. 'నమ్మకం ఉంటే ఇవ్వండి, లేకపోతే మానేయండి' అన్నారు. వారు మోసం చేశారని నేను అనడం లేదు. ఇలాంటి సంస్థలకు అసలు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఇతర దేశాలలో ఏ పద్ధతి ఉందో తెలిసినవారు చెబితే ఆ తరువాత ఇవ్వాలా వద్దా అని నిర్ణయించుకుంటాను.

ఉలవచారు
మన జిల్లాలో ఉలవలు గుర్రాల కంటే మనుషులే ఎక్కువగా తింటున్నారు. ధర పెరగడంలో నా వాటా కూడా ఉన్నదని ముందే ఒప్పుకుంటున్నాను.

సైసు_మనవడు
మా తాతగారు హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సులో ముప్పై ఏళ్ళు సైసుగా, అంటే గుర్రాలను సాకే మనిషిగా పనిచేశారు. నేను ఇప్పుడు ఆనందపురం వైపు ఒక చిన్న గుర్రపుశాల చూసుకుంటున్నాను. కాబట్టి ముందు ఖర్చు సంగతి చెబుతాను, ఆదాయం సంగతి మిగిలినవారు చెప్పవచ్చు.

పందెపు గుర్రం 450 కిలోల పైనే బరువు ఉంటుంది. తన బరువులో రోజుకు సుమారు రెండు శాతం మేత దానికి పడాలి, అంటే తొమ్మిది కిలోల ఎండు మేత. ఊళ్ళో దొరికే వరిగడ్డితో సరిపెడదామంటే అందులో సత్తువ ఉండదు, ఎముకలు బయటపడతాయి. మంచి ఎండుగడ్డి, కొంత పచ్చగడ్డి, తవుడు, నానబెట్టిన ఉలవలు, ఉప్పు కలిపితే మా శాలలో రోజుకు 300 రూపాయల దగ్గర తేలుతున్నది. నలుగురి పని ఒక్కడే చేసే సైసు జీతంలో ఒక్కో గుర్రం వంతుకు నెలకు నాలుగు వేలు వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి గిట్టలు చెక్కించాలి, నులిపురుగుల మందు పట్టించాలి, ధనుర్వాతం టీకా వేయించాలి, ఏడాదికి ఒకసారి పళ్ళు రాకించాలి. ఇవన్నీ సర్దితే, ఏ జబ్బూ లేని నెలలో కూడా పదిహేను వేలకు తగ్గదు.

బాటసారి గారు పంపిన 5,000 సరిగ్గా పది రోజుల ఖర్చు. రెండో వారంలో గడ్డి అయిపోయిందని వారు చెప్పడంలో నాకు మోసం కనబడలేదు. ఫోన్‌లో ఇచ్చిన జవాబు మాత్రం బాగాలేదు.

భీమిలి_బాటసారి
నెలకు పదిహేను వేలని నేను ఊహించలేదు. ఈ లెక్కే వారు చెప్పి ఉంటే నాకు కోపం వచ్చేది కాదు.

పెందుర్తి_పశువైద్యం
పైన ఇచ్చిన లెక్క జబ్బు లేని నెలకు మాత్రమేనన్న మాటను అందరూ గుర్తుంచుకోవాలి. ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వ పశువైద్యుడిగా పనిచేసి విరమించాను. మన తీరంలో ఈ జాతి గుర్రాలకు రెండు ప్రత్యేకమైన ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి, ఇసుక నేల మీద మేత వేస్తే మేతతో పాటు ఇసుక కడుపులోకి పోయి పేగుల్లో పేరుకుంటుంది, ఆ శూలనొప్పి ముదిరితే గుర్రాన్ని బతికించడం కష్టం. రెండోది, ఉక్కపోతలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. చెమట పట్టని గుర్రం ఒంటి వేడిని దించుకోలేదు. దానికి నీడ, పంకాలు, రోజుకు నాలుగుసార్లు నీళ్ళు పోయడం తప్ప నమ్మదగిన మందు లేదు. కరెంటు బిల్లు ఎవరు కడతారో అడగండి.

ఇంకొక మాట. పందెపు గుర్రం రెండేళ్ళ వయసులో పరుగు మొదలుపెట్టి, అయిదు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఆపేస్తుంది. ఆయుష్షు పాతిక సంవత్సరాలు, ఒక్కొక్కప్పుడు ముప్పై. మూడు నుంచి ఆరేళ్ళు సంపాదించి పదిహేడు నుంచి ఇరవై ఏళ్ళు పింఛను లేకుండా బతికే ఉద్యోగిని ఊహించుకోండి.

ఉలవచారు
పాత పింఛను పథకం కోసం గుర్రాలు కూడా ధర్నా చేయవలసి వస్తుందేమో, డాక్టరు గారు.

డాల్ఫిన్‌నోస్_దీపం
మనుషులకే ఆసుపత్రిలో మంచాలు దొరకని చోట, జూదం ఆడుకున్నవారి గుర్రాలకు మనం చందాలు వేయడం నాకు మింగుడుపడటం లేదు. వాటి మీద లాభం పొందినవారే భరించాలి.

కేంబ్రిడ్జ్_కంచరపాలెం
దీపం గారు చివర అన్న మాటనే చాలా దేశాలలో పద్ధతిగా మార్చుకున్నారు. నేను ఉంటున్న చోటికి గుర్రప్పందేలకు పేరుపొందిన న్యూమార్కెట్ పట్టణం దగ్గర, అక్కడ మనిషికంటే గుర్రానికే రోడ్డు మీద ముందు దారి ఇస్తారు. బ్రిటన్‌లో 2000లో 'రీట్రెయినింగ్ ఆఫ్ రేస్‌హార్సెస్' అనే ధార్మిక సంస్థను పందేల పరిశ్రమే ఏర్పాటు చేసుకున్నది. గుర్రాన్ని పోటీలో దింపేటప్పుడు యజమాని కట్టే రుసుము నుంచి కొద్ది మొత్తం దీనికి వెళుతుంది, పరిశ్రమలోని ఇతరులు, ప్రజలు ఇచ్చే విరాళాలు దానికి తోడవుతాయి. ఆ డబ్బులో ఎక్కువ భాగాన్ని గుర్రాలను ఊరికే నిలబెట్టి మేపడానికి కాక, వాటికి కొత్త పని నేర్పించి ఇంకొకరి ఇంటికి పంపించడానికి వాడతారు.

ఇంకొక దారి కూడా ఉంది. అక్కడ ప్రభుత్వం చేతిలో ఉండిన 'టోట్' అనే పందేల సంస్థను 2011లో ప్రైవేటువారికి అమ్మారు. ఆ అమ్మకపు సొమ్ములో నుంచి వచ్చిన వాటాతో 2012లో 'రేసింగ్ ఫౌండేషన్' ఏర్పడింది. దాని రాబడిలో నుంచి గుర్రాల సంక్షేమానికి కూడా గ్రాంట్లు ఇస్తారు. ఎవరైనా దాత బాటసారి గారిలాగా సందేహపడితే ఫోన్ చేయనక్కర లేదు, ధార్మిక సంస్థల కమిషన్ వెబ్‌సైటులో సంస్థ పేరు కొడితే ఏటేటా వచ్చిన సొమ్ము, పోయిన సొమ్ము కనబడతాయి.

మలక్‌పేట_మాజీ
నేను ఒకప్పుడు అయిదుగురు మిత్రులతో కలిసి ఒక గుర్రంలో వాటా ఉన్నవాణ్ణి, కనుక యజమాని తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. యజమానులందరూ లాభాలు పోగేసుకున్నారన్న అభిప్రాయం పూర్తిగా తప్పు. నెలనెలా శిక్షకుడికి, సైసుకు, జాకీకి, వైద్యుడికి కడుతూ పోతే, గెలుపు మొహం చూడని గుర్రాలే ఎక్కువ. నాలుగేళ్ళలో మా గుర్రం మాకు మిగిల్చింది రెండు గ్రూప్ ఫోటోలు.

క్లబ్బుల పరిస్థితి కూడా చూడండి. గుర్రప్పందెం మీద పెట్టే పూర్తి మొత్తానికి 28 శాతం జీఎస్‌టీ ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. వంద రూపాయలతో పందెం కాయడానికి వచ్చినవాడు ఆ పన్ను చూసి చట్టబద్ధమైన కౌంటరు వదిలి దొంగ బుకీ దగ్గరకు పోతున్నాడు. ఆదాయం తగ్గిపోతున్న క్లబ్బును పట్టుకుని విరమించిన గుర్రాలకు నిధి తీయమంటే ఎక్కడి నుంచి తీస్తుంది?

సైసు_మనవడు
మాజీ గారు, మీ మాట కాదనను. అయితే ఆ గుర్రం ఇప్పుడు ఎక్కడ ఉన్నది?

మలక్‌పేట_మాజీ
ఒక రైడింగ్ స్కూలుకు ఉచితంగా ఇచ్చాము. అడిగారు కనుక నిజం చెబుతున్నాను. మొదటి ఏడాది ఫోటోలు పంపారు. తరువాత ఆ స్కూలు మూతపడింది. ఆ పైన దాని సంగతి నాకు తెలియదు.

కొత్తవలస_కోడలు
తెలియదన్న మాట రాయడానికి కూడా మనసు కావాలి. మాజీ గారిని ఎవరూ తప్పుపట్టవద్దని మనవి.

జగదాంబ_నుంచి_జపాన్
డబ్బు వచ్చే దారులు ఎంత విచిత్రంగా ఉంటాయో చెప్పడానికి ఒక ఉదాహరణ. ఇక్కడ 'నైస్ నేచర్' అని ఒక గుర్రం ఉండేది. ఏడాది చివర జరిగే పెద్ద పందెంలో 1991, 1992, 1993 వరుసగా మూడేళ్ళూ మూడో స్థానంలోనే వచ్చి, ఆ పందెం గెలవకుండానే జనానికి ప్రీతిపాత్రమైంది. విరమించిన గుర్రాలను చూసే ఒక సంఘం ఏటా దాని పుట్టినరోజున విరాళాలు అడిగేది. 2021లో పందెపు గుర్రాల పేర్లతో ఒక మొబైల్ ఆట విడుదలై, అందులో ఈ గుర్రం కూడా పాత్ర కావడంతో, ఆ ఏడాది 20 లక్షల యెన్లు అడిగిన సంఘానికి 3.5 కోట్ల యెన్లకు పైగా వచ్చాయి. అడిగింది దాని ఒక్కదాని కోసం కాదు, ఆ డబ్బుతో వేరే గుర్రాలను కూడా చేరదీశారు. 2023 మేలో 35వ ఏట అది చనిపోయింది.

గాజువాక_గణకుడు
జపాన్ ఉదాహరణ వినడానికి బాగుంది, లెక్కలవాడిగా నాకు మాత్రం భయం వేస్తుంది. ఆట మీద మోజు తగ్గిన ఏడాది గుర్రం ఆకలి తగ్గదు కదా. ధార్మిక సంస్థల ఖాతాలు చూసేవాణ్ణి కనుక ఇక్కడి నియమాల సంగతి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మనవాళ్ళకు ఉన్న మొదటి ఆధారం 80జీ రసీదు. దాత ఇచ్చిన దానిలో సాధారణంగా సగానికి ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది, 2,000 రూపాయలు దాటిన నగదుకు దొరకదు. కొత్త పన్ను విధానంలో ఈ మినహాయింపు లేదు, 2023-24 నుంచి పాతదే కావాలని కోరుకోనివారికి ఆ విధానమే వర్తిస్తుంది. మార్చి నెలాఖరులో రసీదు కోసం ఇచ్చే ఉద్యోగులు ఎందుకు తగ్గారని సంస్థలవారు నన్ను అడుగుతూ ఉంటారు, ఇదే ఒక కారణమని చెబుతుంటాను.

రెండోది కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే కంపెనీ మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం ఖర్చు చేయాలి, ఆ ఖర్చుకు అర్హమైన పనుల జాబితాలో జంతు సంక్షేమం అన్న మాట స్పష్టంగానే ఉంది. ఆచరణలో ఏమవుతుందంటే, కంపెనీ అంబులెన్సు కొనిస్తుంది, రేకుల షెడ్డు వేయిస్తుంది, దాని మీద తన పేరు రాయించుకుంటుంది. దాణా మీద పేరు రాయించుకోవడం కుదరదు కదా, గుర్రం తినేస్తుంది.

మూడోది విదేశీ విరాళం. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి తప్పనిసరి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, పాలన ఖర్చులకు 20 శాతానికి మించి వాడకూడదు, మరొక సంస్థకు బదలాయించకూడదు. అంటే బ్రిటన్‌లోని పెద్ద సంస్థ ఢిల్లీలోని సంస్థకు ఇచ్చి, అక్కడి నుంచి మన ఆనందపురానికి పంపించే దారి మూసుకుపోయింది.

నాలుగోది జంతు సంక్షేమ మండలి గ్రాంటు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1962లో రుక్మిణీదేవి అరుండేల్ చొరవతో వచ్చిన మండలి అది. గుర్తింపు పొందిన సంస్థలకే ఇస్తుంది, ఏటా దరఖాస్తు చేసుకోవాలి, దాని మీద ఆధారపడి నెలవారీ మేతకు మాట ఇవ్వడం సాధ్యపడదు.

కొత్తవలస_కోడలు
గణకుడు గారు, గుర్రపుస్వారీ నేర్పించి ఆ ఫీజుతో మిగిలిన గుర్రాలను పోషించుకోవచ్చు కదా? మా ఊళ్ళో ఒకరు అలాగే చేయాలని చూస్తున్నారు.

గాజువాక_గణకుడు
చేయవచ్చు, జాగ్రత్తగా చేయాలి. సంస్థ పనిని సాధారణ ప్రజాప్రయోజనం కింద లెక్కిస్తే, ఫీజులు, అద్దెలు వంటి వ్యాపార రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. దాటితే ఆ ఏడాది పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది. చక్కగా నడిచే స్వారీ స్కూలు వల్ల ధార్మిక సంస్థ ఇబ్బందిలో పడటం నేను ఒకసారి చూశాను. పెద్ద స్కూలు పెట్టాలనుకుంటే దానిని వేరే సంస్థగా నడిపించి, వచ్చిన లాభాన్ని విరాళంగా ఇప్పించడం మేలు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ధర్మసంస్థ తన రాబడిలో 85 శాతాన్ని ఆ ఏడాదే ఖర్చు చేయాలన్నది నియమం, ఎక్కువ దాచుకోవాలంటే కారణం చూపి గడువులోగా ఫారం దాఖలు చేయాలి. ఇరవై ఏళ్ళు బతికే ప్రాణికి ఈ నియమం కుదరదు. కాబట్టి 'ఇది మూలనిధికి' అని దాత రాతపూర్వకంగా తెలిపిన సొమ్మును విడిగా బ్యాంకులో వేసుకోవాలి. సైసు_మనవడు గారు చెప్పిన నెలకు 15,000 లెక్క తీసుకుంటే ఏడాదికి 1,80,000. ఏడు శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఒక్క గుర్రానికి సుమారు 25.7 లక్షల మూలనిధి కావాలి, ధరలు పెరగవనుకున్నా సరే.

ఉలవచారు
పాతిక లక్షలు డిపాజిట్ ఉంటే నన్ను కూడా దత్తత తీసుకోండి. నేను తక్కువే తింటాను, పళ్ళు నేనే తోముకుంటాను.

సింహగిరి_మెట్లు
నవ్వులాటకు అన్నా, ఈ మాటలో ఒక సంగతి ఉంది. సింహాచలం అప్పన్నకు మొక్కుకుని కోడెదూడలను సమర్పించే ఆచారం మనకు తరతరాలుగా ఉన్నది. గోశాలకు గడ్డి ఇవ్వడం పుణ్యమని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. పండుగనాడు దేవుణ్ణి అశ్వవాహనం మీద ఊరేగిస్తాము, బతికి ఉన్న గుర్రానికి మాత్రం మన దగ్గర మొక్కు లేదు, హుండీ లేదు. గోశాల వారి పక్కనే గుర్రపుశాల పెట్టినా, ఆవుకు వచ్చిన అరటిపళ్ళలో మిగిలినవే గుర్రానికి దక్కుతాయి.

పెందుర్తి_పశువైద్యం
అరటిపళ్ళు ఎక్కువగా పెట్టవద్దని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను.

డాల్ఫిన్‌నోస్_దీపం
ఇంతసేపూ అందరూ చెప్పిన దానిలో నాకు అర్థమైనది ఏమిటంటే, గుర్రం ఫోటో ఏడిపించేలా ఉంటే డబ్బు వస్తుంది, లేకపోతే రాదు. నా మొదటి ప్రశ్న అలాగే మిగిలింది. గెలిచినప్పుడే కొంత తీసి పక్కన పెడితే ఏమి?

కేంబ్రిడ్జ్_కంచరపాలెం
అలా పక్కన పెట్టేవారు ఉన్నారు. కాలిఫోర్నియాలో 'కార్మా' అనే నిధికి బహుమతి సొమ్ములో 0.3 శాతం మినహాయించి జమ చేస్తారు. ఇష్టం లేని యజమాని రాసి ఇచ్చి తప్పుకోవచ్చు. అడిగి ఇప్పించుకోవడానికీ, ఇవ్వనని చెప్పేదాకా తీసుకోవడానికీ ఎంత తేడా ఉందో గమనించండి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో బహుమతి సొమ్ములో కొంత శాతాన్ని గుర్రాల సంక్షేమానికి కేటాయిస్తారు. అమెరికాలో 2012లో ఏర్పడిన 'థరోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయన్స్' తానుగా గుర్రాలను ఉంచుకోదు. పిల్ల పుట్టి రిజిస్టరు అయినప్పుడు, వేలంలో అమ్ముడైనప్పుడు ఇలా దారి పొడుగునా కొద్దికొద్దిగా పోగుచేసి, తాను తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చిన ఆశ్రయాలకే గ్రాంటుగా పంచుతుంది.

సైసు_మనవడు
లక్ష రూపాయల బహుమతికి 0.3 శాతమంటే 300, మా శాలలో ఒక్క గుర్రానికి ఒక్క రోజు మేత. ఒక శాతమైతే మూడు రోజులకు పైన. గెలిచిన గుర్రం డబ్బుతో గెలవనిదాన్ని కూడా మేపాలి కనుక లెక్క ఇంకా పలుచబడుతుంది. అయినా ఫోటో పెట్టి ఏడవడం కంటే నయం, ఏ నెల ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది.

మలక్‌పేట_మాజీ
0.3 శాతమని క్లబ్బు నన్ను అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి. గెలిచిన రోజు సాయంత్రం టిప్పులకే అంతకంటే ఎక్కువ పంచాము. ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

జగదాంబ_నుంచి_జపాన్
డబ్బు ఉన్నంత మాత్రాన సరిపోదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. 'థరోబ్రెడ్ రిటైర్‌మెంట్ ఫౌండేషన్' అని అమెరికాలో 1980ల నుంచి ఉన్న సంస్థ ఒకటుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్‌కిల్ జైలులో ఖైదీల చేత గుర్రాలను చూపించే పద్ధతి వారిదే, గుర్రానికి సైసు, ఖైదీకి చేతిపని రెండూ దొరికాయి. అంత పేరున్న సంస్థ కూడా శక్తికి మించి గుర్రాలను తీసుకుని వందల సంఖ్యలో బయటి ఫారాలకు అప్పగించింది. వారికి డబ్బు సకాలంలో అందక కొన్ని చోట్ల గుర్రాలు మేతలేక చిక్కిపోయాయని 2011లో న్యూయార్క్ టైమ్స్ రాసింది, మరుసటి ఏడాది రాష్ట్ర అటార్నీ జనరల్ దావా వేశారు, 2013లో రాజీ కుదిరింది. ఇంకొక గుర్రాన్ని కాదని చెప్పలేకపోవడమే అక్కడ మొదటి తప్పు.

కొత్తవలస_కోడలు
ఆ తప్పు నేనూ చేశాను. మా మామగారి మామిడితోటలో రెండు గుర్రాలకు చోటిచ్చాను, మొదటిది పందెపు గుర్రం, రెండోది పెళ్ళి ఊరేగింపుల గుర్రం. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరులో షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. అప్పుడు విరాళాలు వెల్లువెత్తాయి, రెండు వారాల్లో కొత్త షెడ్డు లేచింది. సంక్రాంతి నాటికి మేతకు అప్పు చేశాను. కూలిపోయిన దానిని చూసి ఇస్తారు, నిలబడి ఉన్నదానిని చూసి ఎవరూ ఇవ్వరు.

మూడో గుర్రం కోసం ఫోన్ వచ్చినప్పుడు చోటు లేదన్నాను. అది ఏమైందో నేను అడగలేదు. మాజీ గారిని తప్పుపట్టవద్దని పైన రాసింది అందుకే.

సింహగిరి_మెట్లు
గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు ఊరికే అనలేదమ్మా. మీరు రెండింటికైనా పెట్టారు.

పెందుర్తి_పశువైద్యం
ఇక్కడ ఎవరూ తాకని అంశం ఒకటుంది, నలుగురికీ నచ్చకపోయినా చెబుతాను. నయం కాని నొప్పితో ఉన్న గుర్రానికి సుఖమరణం ఇప్పించే ఖర్చును, కళేబరాన్ని పూడ్చే ఖర్చును కూడా సంస్థ బడ్జెట్‌లో ముందే రాసుకోవాలి. ప్రాణం నిలిపామని చెప్పుకోవడానికి, విరాళాలు ఆగిపోతాయన్న భయానికి, లేవలేని గుర్రాన్ని నెలల తరబడి పడుకోబెట్టి ఫోటోలు తీయడం నేను చూశాను. అది దయ కాదు.

ఉలవచారు
ఈ మాట మీద నాకు హాస్యం తోచడం లేదు. డాక్టరు గారితో ఏకీభవిస్తున్నాను.

డాల్ఫిన్‌నోస్_దీపం
చట్టం ఏమీ చేయదా? యజమాని వదిలేస్తే జరిమానా ఉండాలి కదా.

గాజువాక_గణకుడు
ఉంది. 1960 చట్టం 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకు 10 నుంచి 50 రూపాయలు. ఉలవలు కిలో కూడా రావు. కొంచెం పనికొచ్చేది 2017లో వచ్చిన నియమావళి. కేసు నడుస్తున్నంత కాలం పోలీసులు స్వాధీనం చేసుకున్న జంతువును ఆశ్రయంలో ఉంచినప్పుడు, ఆ పోషణ ఖర్చు నిందితుడైన యజమాని నుంచి రాబట్టవచ్చు. చాలామంది సంస్థలవారు ఈ నియమాన్ని కోర్టు ముందు పెట్టరు, తమ విరాళాల్లో నుంచే ఖర్చు చేసుకుంటూ పోతారు. కేసు పెట్టిన మొదటి రోజే ఖర్చు కోరుతూ అర్జీ వేయాలి.

కేంబ్రిడ్జ్_కంచరపాలెం
యజమాని ఎవరో తేలాలి ముందు. అది కష్టం కాదనుకుంటాను. మన దేశంలో పందేలకు పెంచే ప్రతి గుర్రం పుణెలోని స్టడ్‌బుక్ అథారిటీ దగ్గర నమోదై ఉంటుంది, ఒంట్లో మైక్రోచిప్ ఉంటుంది. బీచ్‌లో నిలబడి ఉన్న గుర్రం మెడ దగ్గర స్కానర్ పెడితే దాని పుట్టుపూర్వోత్తరాలు బయటపడే అవకాశం ఉంది.

సైసు_మనవడు
నేను చెప్పదలచుకున్నది కూడా అదే. 2025లో హైదరాబాదు నుంచి 57 గుర్రాలను మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌కు తరలించి, అక్కడ చాలా గుర్రాలు చనిపోయి, విషయం హైకోర్టు దాకా వెళ్ళిన వార్త అందరూ చదివే ఉంటారు. పందెం జరిగిన ఊళ్ళో డబ్బు ఉండిపోతుంది, గుర్రం మాత్రం ఊళ్ళు దాటుకుంటూ పోతుంది. మన విశాఖలో రేసుకోర్సు లేదు, పందెం మీద ఒక్క రూపాయి ఈ ఊరికి రాదు, అయినా ఇక్కడి బీచ్‌కు, ఇక్కడి పెళ్ళిళ్ళకు ఆ గుర్రాలు వస్తున్నాయి. క్లబ్బులు నిధి పెట్టినా అది క్లబ్బు గోడల లోపలి గుర్రాలకే పోతే మనకు ఉపయోగం లేదు. చిప్ నంబరుతో గుర్రం ఎక్కడ తేలితే అక్కడి ఆశ్రయానికి నెలనెలా కొంత వచ్చేలా ఉండాలి.

మలక్‌పేట_మాజీ
ఆ ఏర్పాటుకు దేశంలోని రేసు క్లబ్బులన్నీ ఒక మాట మీదికి రావాలి. నాకు తెలిసిన క్లబ్బు రాజకీయాల్లో అది ఈ జన్మకు జరగదు. నన్ను నిరాశావాది అనుకోండి.

సైసు_మనవడు
అనుకున్నాను.

భీమిలి_బాటసారి
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞుణ్ణి. ఆ సంస్థకు నేను మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి లెక్క అడగలేదు. గిట్టలు చెక్కే మనిషికి ఎంత ఇస్తున్నారని మాత్రం అడిగాను. అవతల ఉన్న అమ్మాయి కొంతసేపు మాట్లాడలేదు, తరువాత మూడు నెలలుగా చెక్కించలేదని ఒప్పుకున్నది. అంతకు ముందు విసుగ్గా జవాబిచ్చింది కూడా తనేనని, ఆ రోజు ఒక గుర్రం శూలనొప్పితో పోయిందని చెప్పింది. ఏడెనిమిది వారాలకు ఒకసారి, ఆ ఒక్క ఖర్చు నేను నేరుగా ఆ మనిషికే ఇస్తానని చెప్పాను. మేతకు ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వడం నా వల్ల కాదు.

గాజువాక_గణకుడు
నేరుగా ఆ మనిషికి ఇస్తే మీకు 80జీ రసీదు రాదు, సంస్థ ఖాతాలో ఆ ఖర్చు కనబడదు. సంస్థకే పంపించి, గిట్టల నిమిత్తమని రాయండి.

భీమిలి_బాటసారి
నేను కొత్త పన్ను విధానంలో ఉన్నాను, గణకుడు గారు.

కొత్తవలస_కోడలు
బాటసారి గారు, వారిని నాకు ఒకసారి ఫోన్ చేయమనండి. మా తోటలో ఈ వర్షాకాలం గడ్డి బాగా వచ్చింది, కోసుకుని తీసుకువెళ్ళే బండి వారిదైతే గడ్డికి డబ్బు అక్కర లేదు.

సైసు_మనవడు
బండి నాది. ఆదివారం ఉదయం ఆరు గంటలకు బయలుదేరితే ఎండ ఎక్కేలోపు వచ్చేయవచ్చు. కొడవళ్ళు ఎన్ని ఉన్నాయో చెప్పండి.

ఉలవచారు
కొడవలి పట్టడం రాదు, వంట వచ్చు. మధ్యాహ్నం భోజనం నా వంతు. ఏమి వండుతానో వేరే చెప్పనక్కర లేదు.